ఈసారి పేలాలి

ప్రాంప్టరు చచ్చిపోయాడన్న సంగతి హీరో డైలాగు మరిచిపోయేదాకా ఎవరికీ తెలియలేదు.

స్టూడియోలో 'గూఢచారి గుండుసున్నా' అనే టీవీ సీరియల్ రికార్డింగు జరుగుతోంది. శత్రుదేశపు సుందరి ఎదుట బొమ్మ పిస్తోలు తలకిందులుగా పట్టుకుని హీరో నోరు తెరిచాడు. మాట రాలేదు. అదేమీ వింత కాదు. ఆ హాస్యనటుడికి డైలాగులు గుర్తుండవు. స్టేజీ అంచున చెక్కగూట్లో కూర్చునే ముసలి ప్రాంప్టరు మైకులో గొణిగితే, అతని చెవిలో దాచిన బుల్లి ఇయర్‌ఫోన్లో వినపడుతుంది. అతను విన్నది విన్నట్టు అప్పజెప్తాడు. ఆరోజు మాత్రం చెవిలో ఏమీ పలకలేదు.

హాలంతా చూస్తూ కూర్చుంది. ముందు వరసలో ఒక్కాయన మాత్రం పడీపడీ నవ్వాడు. ఆయన రక్షణ మంత్రి. ఆ సీరియల్‌కు దేశం మొత్తం మీద నవ్వే మనిషి ఆయనొక్కడే.

డైరెక్టరు తిట్టుకుంటూ వెళ్ళి గూట్లోకి వంగి చూశాడు. ముసలాయన స్క్రిప్టు ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చుని ఉన్నాడు. మెడచుట్టూ సన్నటి ఎర్రగీత. ఎవరో తీగ బిగించారు. పాపం, పోతూ కూడా పనిలో పొరపాటు చేయలేదు. వేలు సరిగ్గా హీరో మరిచిపోయిన లైను మీదే ఉంది.

*

"వాన వచ్చేలా ఉందా?"

"మబ్బునడగండి."

గొడుగులు బాగుచేసే దుకాణంలో ఆ జవాబిచ్చిన మనిషి, విరిగిన గొడుగుల అల్మరాను పక్కకు నెట్టాడు. వచ్చినవాడు దాని వెనకున్న గదిలోకి నడిచాడు. అతన్ని రహస్యశాఖలో మౌని అంటారు. అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడడు. అవసరానికి కూడా ఒకటి తగ్గించి మాట్లాడతాడని గిట్టనివాళ్ళు అంటారు.

బల్ల వెనక శాఖాధిపతి కూర్చుని ఉన్నాడు. ఎవరికీ బాబాయి కాకపోయినా అందరూ ఆయన్ని బాబాయి అనే పిలుస్తారు. ఆయన మాత్రం ఎవరినీ ఏ వరసా పెట్టి పిలవడు. ఎప్పుడైనా 'నాన్నా' అన్నాడంటే ఎవరో చావబోతున్నారన్నమాట. ఆ పిలుపు అందుకున్నవాడో, వాడి చేతిలో ఇంకొకడో.

"కూర్చో నాన్నా," అన్నాడు బాబాయి.

మౌని కూర్చున్నాడు.

"ఆ గుండుసున్నా సీరియల్ చూశావా?"

"ఒకసారి."

"నవ్వొచ్చిందా?"

"లేదు."

"ఎవరికీ రావట్లేదు. మొదలైన దగ్గర్నుంచీ తుస్సే. అయినా స్పాన్సరుంది చూడు, టూత్‌పేస్టు కంపెనీ, అది నీళ్ళలా ఖర్చు పెడుతోంది. ఎందుకంటావు?"

"మంత్రిగారు చూడ్డానికొస్తారు కాబట్టి."

"అదీ! ఆ కంపెనీ పరాయిదేశపు ముఠాది. గాలానికి గుచ్చిన ఎర ఆ సీరియల్. రేపు ఆఖరి భాగం. ఆ తరవాత మూసేస్తున్నారు. అంటే వాళ్ళ పని రేపే." బాబాయి బల్ల మీది టేపురికార్డరు తన వైపు లాక్కున్నాడు. "పట్టుపురుగు తెచ్చింది. విను."

పట్టుపురుగంటే ఆ సీరియల్లో శత్రుసుందరి వేషం వేసే నటి. తెర మీద వేసే వేషమే ఆవిడ అసలు వృత్తి. ముఠాకు గూఢచారి. ఏడాదిగా ముఠా రహస్యాలు బాబాయికీ అమ్ముతోంది. రెండు పడవల మీద కాళ్ళు పెట్టినా తొణక్కుండా నిలబడగల మనిషని బాబాయికి ఆవిడంటే మురిపెం.

టేపు తిరిగింది. ఫోనులో రెండు గొంతులు.

"బావా, ఈసారైనా పేలుతుందంటావా?"

"పేలాలిరా. ఈసారి కూడా పేలకపోతే నా బతుకు దండగ. మంత్రిగారు ముందు వరసలో ఉంటారు గదా, ఆయన కుర్చీలోంచి కింద పడాలి. హాలు హాలంతా..." ఇక్కడ టేపు టిక్కుమంది. "...చావాలి."

బాబాయి మీట నొక్కి ఆపాడు. "అడిగింది బావమరిది. జవాబిచ్చింది మన గుండుసున్నా."

"అతనా?"

"అతనే. వెర్రివెంగళప్పలా కనపడేవాడే కొంపలు ముంచుతాడు. ముసలి ప్రాంప్టరు ఏదో చూసుంటాడు, వీడి తోడుదొంగెవడో పీక నొక్కాడు. ఆ ఖాళీలో నువ్వు చేరుతున్నావు. ఇన్నాళ్ళకి నీ పేరు చెడగొట్టే ఉద్యోగం దొరికింది."

"రికార్డింగు ఆపేస్తే?"

"ముఠా చెల్లాచెదురైపోతుంది. అదే వాడు గుండెపోటుతో పోయాడనుకో, ఎవరికీ అనుమానం రాదు. మిగతావాళ్ళని పట్టుపురుగు చూపిస్తుంది."

"మంత్రిగారికి చెప్పారా?"

"రావద్దని కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆఖరి భాగం చూడకపోతే చచ్చిపోతానన్నారు."

ఆ చావును మాత్రం బాబాయి అక్షరాలా తీసుకోలేదు.

ఆయన సొరుగులోంచి ఒక ఫౌంటెన్ పెన్ను తీశాడు. "క్లిప్పు నొక్కితే సూది. చీమ కుట్టినట్టుంటుంది, అంతే. కాసేపటికి కాళ్ళు తేలతాయి. వేళ్ళు మొద్దుబారతాయి. నాలుక మడతపడుతుంది. పావుగంటలో గుండె ఆగుతుంది. ఏ డాక్టరూ కనిపెట్టలేడు."

"విరుగుడు?"

"విరుగుడుంటే దాన్ని మందంటారు నాన్నా, విషం అనరు. ఇందులో రెండు మోతాదులున్నాయి. మొదటిది వాడికి. రెండోది, నువ్వు పట్టుబడితే నీకు. వాడు స్టేజీ ఎక్కేముందే కానిచ్చెయ్. పేల్చేది ఆఖరి సీన్లోనట. అప్పటికి వాడుండడు."

"బాంబెక్కడుంది?"

"తరవాత తీరిగ్గా వెతుకుదాం. పేల్చేవాడే లేకపోతే పేలేదేముంది?"

బాబాయి తర్కంలో ఎప్పుడూ లోపం ఉండదు. మనుషులు మధ్యలో వచ్చి పాడుచేస్తారు.

*

మేకప్పు గదిలో పొట్టి మనిషి ఒకడు అద్దం ముందు కూర్చుని ఏడుస్తున్నాడు. నున్నటి గుండు, గుండ్రటి కళ్ళు. మేకప్పుమ్యాన్ పౌడరు అద్దుతుంటే, అద్దిన చోటల్లా కన్నీళ్ళు చారలు కడుతున్నాయి.

"మీరిలా ఏడిస్తే నా డబ్బా అయిపోతుంది సార్," అని విసుక్కున్నాడు మేకప్పుమ్యాన్.

గుండుసున్నా అద్దంలోంచి మౌనిని చూశాడు. "కొత్త ప్రాంప్టరువి నువ్వేనా గురూ? రా, రా. పెద్దాయన పోయాడు తెలుసా? ఏ నాటకమైనా, ఏ సీరియలైనా నా చెవిలో ఆయన గొంతే. మా ఆవిడ మాట కూడా అంత విన్లేదు. సర్లే. ఇకనుంచి నా ప్రాణం నీ చేతుల్లో ఉంది."

మౌని జేబులో పెన్ను సర్దుకున్నాడు.

పక్క గదిలోంచి ఉన్నట్టుండి నవ్వు వినిపించింది. ముందు టిక్కుమని చిన్న చప్పుడు, వెంటనే వంద మంది గొల్లుమన్న నవ్వు. మళ్ళీ టిక్కు. మళ్ళీ అదే నవ్వు.

"సౌండువాళ్ళు," అన్నాడు గుండుసున్నా సిగ్గుపడుతూ. "నవ్వుల యంత్రం. ఎప్పుడో ఎవడి జోకుకో జనం నవ్విన నవ్వులవి. కత్తిరించి నా జోకుల పక్కన అతికిస్తారు. అతుకు దగ్గర అలా టిక్కుమంటుంది. సీరియల్ వచ్చినప్పుడల్లా మా ఆవిడ టీవీ ముందు కూర్చుని, 'ఇదిగోండి టిక్కు, ఇదిగోండి టిక్కు' అని చూపిస్తుంది. దాని సరదా దానిది."

"మీకు పిల్లలున్నారా?" మౌనికి ఆ ప్రశ్న అనవసరం. ఎందుకడిగాడో అతనికే తెలియలేదు.

"ఒక్కతే కూతురు. మా నాన్న టైపిస్టని బళ్ళో చెప్పుకుంటుంది గురూ. దాని తప్పు కాదులే, పిల్లలు ఏడిపిస్తారు. నాన్నని చూసి నవ్వాల్సింది పోయి దాన్ని చూసి నవ్వుతున్నారట. ఇవాళ వాళ్ళమ్మ బలవంతాన లాక్కొచ్చింది. ఎవరైనా చూస్తారని ఆఖరి వరసలో నక్కి కూర్చుంది." అతను ముక్కు తుడుచుకున్నాడు. "ఒక్క నిజం నవ్వు వినాలి గురూ, టిక్కు లేనిది. మా అమ్మాయి ఉండగా వినాలి. అది చాలు నాకు, ఆ తరవాత ఏమైపోయినా పర్లేదు."

దొంగలు, హంతకులు, దేశద్రోహులు చావుకు ముందు చాలామంది మౌనితో కబుర్లు చెప్పారు. చాలామంది కూతుళ్ళ మాటే ఎత్తారు. కాబట్టి అతను మనసు గట్టి చేసుకున్నాడు. గట్టి చేసుకోవలసి వచ్చినందుకు చిరాకు పడ్డాడు.

సామాను చూసేవాడు ఒక పాత బల్లగడియారం తెచ్చి పెట్టాడు. దానికి ఒక ఎర్ర తీగ, ఒక నీలి తీగ వేలాడుతున్నాయి. ప్రతి భాగమూ దాంతోనే ముగుస్తుంది. శత్రుసుందరి గడియారం బాంబు పెట్టి పారిపోతుంది, గుండుసున్నా నీలి తీగ బదులు ఎర్ర తీగ కోస్తాడు, లోపలున్న పిండి ఎగిరి మొహాన పడుతుంది, యంత్రం నవ్వుతుంది.

గుండుసున్నా గడియారాన్ని ఎత్తి చూశాడు. "ఇవాళింత బరువుందేంటి? ఆఖరి రోజని పిండి దండిగా కూరారా?"

"లోపల సంగతి నాకు తెలీదు సార్. స్పాన్సరు దగ్గర్నుంచి వచ్చింది," అని సామానువాడు వెళ్ళిపోయాడు.

వరండాలో మౌనికి పట్టుపురుగు ఎదురైంది. నల్లటి జరీ గౌను, మోచేతుల దాకా తొడుగులు, ఎడమ చేతికి వెడల్పాటి వెండి కడియం. ఆవిడ నడిచివస్తుంటే లైట్లు మోసేవాళ్ళు కూడా దారికి అడ్డం తప్పుకోవడం మరిచిపోతారు.

"అయిందా?" పెదవులు కదపకుండా అడిగింది.

"ఇంకా లేదు."

"జాలిపడుతున్నావా? ఆ మొహానికి జాలి నప్పలేదు." కడియం సవరించుకుంటూ నవ్వింది. "త్వరగా కానివ్వు. మీ బాబాయికి ఎదురుచూడ్డం అలవాటు లేదు."

మౌని మళ్ళీ మేకప్పు గదిలోకి వెళ్ళాడు. "కాలరు మైకు సరిచేస్తాను, తల వంచండి."

గుండుసున్నా పిల్లాడిలా తల వంచాడు. క్లిప్పు నొక్కగానే సూది మెడ వెనక దిగింది.

"అబ్బా! చీమ కుట్టింది గురూ!"

"ఇక్కడ చీమలెక్కువ," అన్నాడు మౌని.

అప్పుడే డైరెక్టరు చప్పట్లు కొడుతూ వచ్చాడు. "ఆర్డరు మారింది! ముందు బాంబు సీను తీసేస్తున్నాం. మేడమ్‌కి అర్జెంటు పనుందట, ఆవిడ సీను అవగొట్టి పంపించేద్దాం. పదండి, పదండి!"

టీవీవాళ్ళు కథను వరసలో తీయరన్న సంగతి బాబాయి తర్కానికి అందలేదు. మౌని ఆలోచించే లోపే ఎర్రదీపం వెలిగింది. అతను స్టేజీ కిందున్న సన్నటి సందులోంచి పాకి, ముసలాయన చచ్చిన గూట్లో కూర్చున్నాడు.

*

గూట్లోంచి స్టేజీ కనపడుతుంది, వీపు వెనకున్న హాలు కనపడదు. మౌని హెడ్‌ఫోను పెట్టుకుని మైకు మీట నొక్కాడు. హీరో కాలరు మైకు మాటలు అతనికి వినపడతాయి, అతని మాటలు హీరో చెవిలో వినపడతాయి.

తెర పక్కన నిలబడిన గుండుసున్నా గుసగుసలాడాడు. "గురూ, వింటున్నావా? నాకెందుకో ఈసారి పేలుతుందనిపిస్తోంది. హాలు హాలంతా నవ్వి చావాలి. మా బావమరిదికి కూడా ఫోన్లో అదే చెప్పా."

తెర లేచింది.

మౌని చేతిలోని స్క్రిప్టు జారి మోకాళ్ళ మీద పడింది. 'హాలు హాలంతా' తరవాత టిక్కు, ఆ తరవాత 'చావాలి'. అది నవ్వుల యంత్రం టిక్కే. అది అతుకు. అతుకు దగ్గర ఒక్క మాట ఎగిరిపోయింది. పేలాల్సింది జోకు. కుర్చీలోంచి పడాల్సింది నవ్వు ఆపుకోలేక. జోకులు పేల్చి పొట్ట పోసుకునేవాడి మాటను బాంబులు పేల్చేవాళ్ళను వేటాడే శాఖ విన్నది. ఇంకెలా అర్థమవుతుంది?

టేపు తెచ్చింది పట్టుపురుగు. సీను ముందుకు జరిపించింది పట్టుపురుగు. ఇవాళ గడియారం బరువుగా ఉంది.

ఒక నిరపరాధి మెడలో తాను స్వయంగా చావును దించాడు. దానికి విరుగుడు లేదు. మౌనికి జీవితంలో మొదటిసారి గట్టిగా అరవాలనిపించింది. అరిస్తే జనం తొక్కుకుని చస్తారు, ఆ గందరగోళంలో గుండుసున్నా అలవాటు కొద్దీ తీగ కోసేస్తాడు.

స్టేజీ మీద పట్టుపురుగు గడియారాన్ని బల్ల మీద పెట్టింది. "సెలవు గుండుసున్నా! పై లోకంలో కలుద్దాం!" అని గౌను ఎగరేసి పక్కకు తప్పుకుంది.

గుండుసున్నా జేబులోంచి కత్తెర తీశాడు. ఒక అడుగు వేశాడు. మోకాలు మడతపడింది. ఆశ్చర్యంగా మోకాలి వంక చూసుకున్నాడు. రెండో మోకాలూ మడతపడింది. హాల్లో ఎక్కడో ఎవరో కిసుక్కుమన్నారు.

గుండుసున్నా మొహం ఒక్కసారి వెలిగింది. అది నిజం నవ్వు. అతను అటుగా చెవి రిక్కించాడు. కాళ్ళు ఇంకాస్త తేలిపోయాయి, తూలుకుంటూ బల్ల చుట్టూ ఒక చుట్టు తిరిగి మళ్ళీ బయల్దేరిన చోటికే వచ్చాడు. ఈసారి నాలుగు వరసలు నవ్వాయి.

అతను ఎర్ర తీగను కత్తెర మధ్యకు తీసుకున్నాడు.

మౌని మైకును నోటికి ఆనించుకున్నాడు. "ఆగు! కొయ్య..."

మెడచుట్టూ తీగ బిగుసుకుంది.

తెలుగులో వద్దనే మాట ఎప్పుడూ చివర్లోనే వస్తుంది. 'కొయ్యకు'లో 'కు' మౌని గొంతులోనే ఆగిపోయింది. గుండుసున్నాకు వినపడింది 'కొయ్య్' అనే. విన్నది విన్నట్టు చేయడం అతనికి అలవాటు. ఉత్సాహంగా తలూపి కత్తెర నొక్కాడు.

వేళ్ళు కదల్లేదు.

అతను వేళ్ళను చూసి, "కొయ్యండ్రా!" అని బతిమాలాడు. నాలుక మడతపడి అది "కోయిల్రా" అన్నట్టు వినిపించింది. హాలు గొల్లుమంది. కత్తెర జారి కిందపడింది. వంగి తీయబోయి తనే పడ్డాడు. బల్లకాలు పట్టుకుని లేచి, తీగను పళ్ళ మధ్య పెట్టుకున్నాడు.

గూట్లో పట్టుపురుగు మోకాలు మౌని వెన్నులో దిగి ఉంది. కడియంలోంచి లాగిన తీగ అతని మెడలో ఉంది. గేట్లన్నిటి దగ్గరా కాపలా ఉంటే, స్టేజీ కింది సందులోంచి వీధిలోకి జారుకోబోతూ అతని గొంతు విన్నది.

"మాట అందించేవాళ్ళతో నాకు ఎప్పుడూ తలనొప్పే," అంది చెవి దగ్గర.

మౌని కళ్ళ ముందు నల్లటి చుక్కలు తేలాయి. ఎడమ చేతి వేళ్ళు తీగ కిందికి దూరలేదు. కుడి చెయ్యి జేబులో పెన్నును తాకింది. తన కోసం ఉంచుకున్న రెండో మోతాదు. చెయ్యి వెనక్కి విసిరి ఆవిడ తొడలో దించాడు.

ఆవిడకు ఆ పెన్ను తెలుసు. అందుకే కుట్టగానే చేతులు ఒక్క క్షణం వదులయ్యాయి. ఆ ఒక్క క్షణంలో మౌని ముందుకు వంగి ఆవిడను భుజం మీదుగా చెక్కకేసి కొట్టి, మైకులో మిగిలిన అక్షరం పూర్తిచేశాడు.

"...కు!"

చెవిలో 'కు' వినపడగానే గుండుసున్నా తీగను వదిలి, అలవాటు ప్రకారం జనం వైపు తిరిగి, "కూ..." అన్నాడు, రైలు కూసినట్టు.

హాలు విరగబడింది.

"కొయ్యకు," అన్నాడు మౌని. గొంతు చిరిగిపోయి వస్తోంది. "ఏదీ కొయ్యకు. దాని పక్కన పడుకో. నీ ఇష్టం వచ్చింది మాట్లాడు."

"స్క్రిప్టులో లేదు కదా గురూ," అని గొణిగింది కాలరు మైకు.

"ఇవాళ స్క్రిప్టు లేదు."

గుండుసున్నా బల్ల మీదికి పాకి గడియారం పక్కన వాలాడు. దాని మీద చెయ్యి వేశాడు. ఊపిరి అందటం లేదు. ఎవరూ అందించని మాటను జీవితంలో మొదటిసారి సొంతంగా వెతుక్కున్నాడు. ఒక్కొక్క ముక్కా నెమ్మదిగా, మత్తుగా, ఆఖరి వరసకు కూడా వినపడేలా అన్నాడు.

"పాపం... ఇదీ నాలాంటిదే. ఎంత చేసినా... పేలదు."

ఆ తరవాత వచ్చిన నవ్వుకు గూటి చెక్కలు అదిరాయి. జనం కుర్చీలు కొట్టారు, పక్కవాళ్ళ వీపులు కొట్టారు, కళ్ళు తుడుచుకున్నారు, మళ్ళీ నవ్వారు. రక్షణ మంత్రిగారు పొట్ట పట్టుకుని కుర్చీలోంచి కింద పడ్డారు.

"గురూ," అంది చెవిలో గొంతు. "పేలిందా?"

"పేలింది."

"టిక్కు... వినపడలేదు కదా?"

"లేదు. యంత్రం కాదు."

"మా అమ్మాయి?"

మౌనికి హాలు కనపడదు. వీపు వెనక నవ్వుల్లో ఏది ఎవరిదో తెలియదు. "అందరికన్నా ఎక్కువ నవ్వుతోంది," అన్నాడు.

హెడ్‌ఫోనులో చిన్న నిట్టూర్పు వినపడింది. ఆ తరవాత జనం చప్పట్లు తప్ప ఏమీ వినపడలేదు.

అతను చెప్పింది అబద్ధం కాదని తరవాత తెలిసింది. ఆఖరి వరసలో ఆ పిల్ల కుర్చీ ఎక్కి నిలబడి, "మా నాన్న! ఆయన మా నాన్న!" అని తెలియనివాళ్ళందరికీ వేలు పెట్టి చూపిస్తూ నవ్వుతోంది. పక్కన తల్లి మాత్రం నవ్వలేదు. మొగుడి నటన ఆవిడకు బాగా తెలుసు. ఇంత బాగా చేయడం అతనివల్ల కాదని కూడా తెలుసు. అందుకే అప్పటికే లేచి, జనాన్ని తోసుకుంటూ స్టేజీ వైపు పరుగెత్తుతోంది.

గూట్లో పట్టుపురుగు గోడకు ఆనుకుని కూర్చుంది. కాళ్ళు అప్పటికే స్వాధీనం తప్పుతున్నాయి.

"రెండోది నీకు కదా దాచుకున్నావు?" అంది.

"మనసు మారింది."

"కత్తిరించింది ఒక్క మాటే. నవ్వి. రెండక్షరాలు." ఆవిడకు నిజంగానే నవ్వొచ్చింది. "నేను గడియారం విప్పుతుంటే ముసలాడు చూశాడు. వాడు పోయాక రికార్డింగు ఆగిపోయేది. హంతకుడు దొరికితే ఆగదు. మీ బాబాయికి హంతకుడు దొరికితే చాలు, ఇంక ఆలోచించడు. తీగ తెగిన నిమిషానికి గానీ పేలదు, ఆపాటికి నేను వీధిలో ఉండేదాన్ని. ఆ గుండోడి వేళ్ళే..."

"స్పాన్సరు ఎక్కడున్నాడు?"

"మందుంటే చెప్తా."

"లేదు."

ఆవిడ కాసేపు అతని మొహం చూసింది. ఏడాదిగా జీతం ఇచ్చిన రెండు వైపులా తనను మోసం చేయని మనిషి ఆ క్షణంలో అతనొక్కడే. "టూత్‌పేస్టు గోదాము, మేడ మీద," అంది. ఎందుకు చెప్పిందో గానీ నిజమే చెప్పింది.

*

గోదాము మేడ మీద ముఠాను మొత్తంగా పట్టుకున్నారు. గడియారంలో హాలును రెండుసార్లు లేపేయడానికి సరిపోయే సరుకు దొరికింది. గొడుగుల దుకాణం వెనక గదిలో బాబాయి చాలా ఉల్లాసంగా ఉన్నాడు.

"చూశావా? నా పెన్నే మంత్రిగారిని కాపాడింది. వాడి వేళ్ళు మొద్దుబారకపోతే తీగ కోసేసేవాడు. ఔనా, కాదా?"

ఔను. అదే మౌనికి మింగుడుపడనిది. మెడకు కట్టు ఉంది. గొంతు మళ్ళీ మామూలుగా రాదని డాక్టరు చెప్పాడు. పేరు నిలబడింది.

"అతను ఏ తప్పూ చేయలేదు," అన్నాడు గుసగుసగా.

"తెలుసు. అందుకేగా గుండెపోటని రాయించాను? ముఠా మనిషని రాస్తే ఆ పిల్ల తలెత్తుకోగలదా? మనకీ దయాదాక్షిణ్యాలున్నాయి."

ఆ వారం ఆఖరి భాగం ప్రసారమైంది. నవ్వుల యంత్రం వాడలేదు. దేశమంతా ఇళ్ళల్లో దొర్లి దొర్లి నవ్వింది. జనం పొగడ్తలు విని టీవీవాళ్ళు సీరియల్‌ను మరో ఏడాది పొడిగిస్తూ ఉత్తర్వు ఇచ్చారు. ఆ తరవాత ఎవరో హీరో సంగతి గుర్తుచేశారు.

గుండుసున్నా కూతురు బళ్ళో ఇప్పుడు నాన్న పేరు గర్వంగా చెప్పుకుంటోందట. మౌని ఒకసారి ఆ వీధిలోంచి వెళ్ళాడు. తలుపు దాకా వెళ్ళి తట్టకుండా వెనక్కి వచ్చాడు. తట్టినా చెప్పడానికి గొంతు లేదు. గొంతున్నా చెప్పేవాడు కాదేమోనన్నదే అతన్ని ఎక్కువగా బాధించింది.

జరిగిన పొరపాటు మీద శాఖలో విచారణ జరిగింది. టేపు విన్నవాళ్ళెవరికీ శిక్ష పడలేదు. తప్పంతా భాషదేనని తేలింది. మర్నాడే బాబాయి సంతకంతో గోడ మీద ఒక సర్క్యులరు వెలిసింది:

'ఇకమీదట సిబ్బంది జోకులు వేయవచ్చును. పేల్చరాదు.'